సుక్కి పాలు తాగిన మేకపోతు

బాలనర్సయ్య పోచమ్మకు మేకపోతును మొక్కుకున్న పొద్దున భీమవ్వ ఊళ్ళో లేదు. కూలికి చెరుకు చేలోకి పోయింది. ఉండి ఉంటే ఆ మొక్కు ఆయన నోట్లోంచి సగం కూడా బయటికి వచ్చేది కాదు. "తల్లీ, ఈ ఏడు నా చెరుకు బండ్లు బోధన్ ఫ్యాక్టరీల తూకమైతే నీకు మేకపోతును కోస్త" అని ఆయన గుడి ముందు నిలబడి, నలుగురికీ వినపడేటట్టు గొంతెత్తి మరీ మొక్కుకున్నాడు. మొక్కితే మొక్కాడు, ఎవరి భక్తి వారిది. కానీ ఆయనకు మేకపోతు ఎక్కడిది? ఆయన దొడ్లో ఎడ్లున్నాయి, బర్రెలున్నాయి, కోళ్ళున్నాయి. మేక మాత్రం లేదు. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మేకపోతు, చనిపోయిన తమ్ముడి భార్యది. ఆ భార్యే భీమవ్వ. ఆమెను మాటవరసకైనా అడగలేదు పెద్దమనిషి.

ఈ సంగతి ఆమెకు పక్కింటి గోదావరి చెప్పింది. ఇద్దరూ చెరుకు ఆకు దూస్తున్నారు. "నీ బుడ్డోడు పోచమ్మ పాలైతున్నడటనే" అంది గోదావరి, ఏదో పెళ్ళి కబురు చెప్పినట్టు.

భీమవ్వ చేతిలో కొడవలి ఆగిపోయింది. "ఎవలన్నరు?"

"మీ బావనే మొక్కిండు. ఊరంత ఇన్నది."

"నా మేకను ఆయనెట్ల మొక్కుతడు?"

"మేకే గదనే! గింత దానికి గట్ల మొఖం పెడ్తవేంది?"

ఆ 'మేకే గదనే' అన్న మాటకు భీమవ్వ ఒళ్ళు మండిపోయింది. గోదావరి ముక్కుపుడక పోతే మూడు రోజులు అన్నం మానేసి ఏడ్చింది. అప్పుడు ఎవరైనా వచ్చి ముక్కుపుడకే గదా అన్నారా? ఎవరిది పోతే వారికి తెలుస్తుంది. భీమవ్వ కొడవలి నడుముకు దోపుకుని, కూలి సగంలో వదిలేసి, కుక్క సుక్కిని వెంటేసుకుని ఇంటికి నడిచింది.

బాలనర్సయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"బావా, నా మేకను మొక్కినవట?"

"మొక్కిన. ఇంటి మంచికే గద మొక్కింది."

"నీ మొక్కుకు నా మేక ఎందుకు?"

"నీ మేకేందే? ఇంట్ల ఉన్నదంత ఇంటిదే. ఇంటికి పెద్దోన్ని నేను."

"గట్లయితే నీ ఎడ్లు గూడ ఇంటియే. రేపు ఒకదాన్ని తోల్కపోయి అంగట్ల అమ్ముకొస్త. సరేనా?"

బాలనర్సయ్య నవ్వాడు. తిట్టినా బాగుండేది. కొట్టడానికి లేచినా ఆమె కూడా కొడవలి తీసేది. కానీ ఆయన చిన్నపిల్ల మాటకు నవ్వినట్టు నవ్వి, చుట్ట బూడిద దులిపి, మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. ఆ నవ్వును భీమవ్వ చచ్చేదాకా మరిచిపోలేదు.

బుడ్డోడు ఆ ఇంటి మేక ఎట్లా అవుతాడు? భీమవ్వ మొగుడు జ్వరంతో పోయినప్పుడు ఆమె అన్న తుకారాం వచ్చాడు. అన్న కూడా ఉన్నవాడేమీ కాదు. చెల్లెలికి చీర పెట్టలేక, చూలు మీదున్న తన మేకను తాడు పట్టి తోలుకొచ్చి, "దీని పిల్లలతోని ఎట్లనన్న బతుకుతవు బిడ్డా" అని చేతిలో పెట్టి, తలవంచుకుని పోయాడు. ఆ మేక ఈనుతూ ఈనుతూనే కన్ను మూసింది. పిల్ల మిగిలింది. పిడికెడంత పిల్ల, తడిసిన గుడ్డలా నేల మీద పడి ఉంది.

సరిగ్గా ఆ వారమే సుక్కి ఈనింది. నుదుట తెల్ల చుక్క ఉన్న ఎర్ర కుక్క అది. పిల్లలు కళ్ళు కూడా తెరవకముందే బాలనర్సయ్య వాటిని గోనెసంచిలో వేసి, మూతి కట్టి, కాలువలో విసిరేసి వచ్చాడు. రాత్రిళ్ళు కుయ్ కుయ్‌మని నిద్ర పట్టనిస్తలేవట! ఆయన నిద్ర అంత విలువైనది. సుక్కి రెండు రోజులు కాలువ గట్టు పొడుగునా ముక్కు నేలకు ఆనించి తిరిగింది. పొదుగు రాయిలా గట్టిపడి, ముట్టుకోనివ్వకుండా మూలిగింది.

భీమవ్వకు ఎవరూ చెప్పలేదు, ఎక్కడా చూడలేదు. కోపంలో తోచింది చేసింది. మేకపిల్లను తీసుకుపోయి సుక్కి పొట్ట దగ్గర పడుకోబెట్టింది. సుక్కి గుర్రుమంది, మూతి దగ్గరికి తెచ్చింది. కొరుకుతుందేమోనని భీమవ్వ చెయ్యి అడ్డం పెట్టబోయింది. సుక్కి ఆ చేతిని ముక్కుతో పక్కకు నెట్టి, పిల్లను తల నుంచి తోక దాకా నాకింది. పిల్ల తడుముకుంటూ పోయి పాలు పట్టుకుంది. అత్త అంజవ్వ చూసి "ఏం కలికాలమే" అని చెంపలు వేసుకుంది. పిల్లలను కాలువలో వేసిననాడు మాత్రం ఆమెకు కలికాలం గుర్తుకు రాలేదు.

అట్లా పెరిగినవాడు మామూలు మేక ఎట్లా అవుతాడు? బుడ్డోడికి తాను కుక్కనని గట్టి నమ్మకం. గడప దగ్గర ముందుకాళ్ళు చాపుకుని కావలి పడుకునేవాడు. కొత్త మనిషి వస్తే సుక్కికంటే ముందు లేచి, మేక అరుపూ కుక్క అరుపూ కాని ఒక గొంతు తీసేవాడు. ఊరకుక్కలు మీదికి వచ్చి, కొమ్ములున్న ఈ కొత్తరకం కుక్కను ఏం చెయ్యాలో తెలియక తోకలు ముడుచుకునేవి. సుక్కి సంగతి ఇంకా విచిత్రం. బుడ్డోడు వేపాకు మేస్తుంటే కొడుకు తినేది తల్లి తినకపోతే ఎట్లా అన్నట్టు తానూ ఒక ఆకు నమిలి, మొహం చిట్లించి ఉమ్మేసి, మర్నాడు మళ్ళీ నమిలేది.

దొడ్లో కోడిపిల్లలన్నీ సుక్కి వీపు మీదే ఆడుకునేవి. అది కళ్ళు మూసుకుని నిద్ర నటించేది. ఆకాశంలో గద్ద నీడ కదిలితే చాలు, ఒక్కటే అరుపు. పిల్లలన్నీ దాని పొట్ట కిందికి ఉరికేవి. తల్లికోడి వచ్చి ఆ మేలుకు బదులు దాని ముక్కు మీద ఒక పోటు పొడిచి పిల్లలను తీసుకుపోయేది. బాలనర్సయ్య బర్రె సాయంత్రం కాలువలోంచి రానని మొండికేస్తే, సుక్కి ఈదుకుంటూ పోయి చెవి దగ్గర మొరిగి, అది కదిలాక దాని వీపెక్కి కూర్చుని దొరసానిలా ఇంటికి వచ్చేది. చెరుకు కావలివాడి అడుగుల చప్పుడు మనుషులకు వినపడక ముందే దానికి వినపడేది. వెంటనే బుడ్డోడి చెవి నోట కరుచుకుని, పంటి గాటు పడకుండా, చేలోంచి బయటికి లాక్కొచ్చేది. ఊళ్ళో మేకలన్నీ బందెలదొడ్డి చూసినవే, బుడ్డోడు తప్ప.

ఇంకో వింత కూడా ఉంది. మేక నీళ్ళలో కాలు పెట్టదు, చిన్న గుంట ఉన్నా చుట్టు తిరిగి పోతుంది. బుడ్డోడు మాత్రం సుక్కి కాలువలో దూకితే వెనకే దూకేవాడు. రోజూ ఇద్దరూ మునిగి గట్టెక్కేవారు. సుక్కి ఒళ్ళు విదిలించుకుంటే చుట్టూ వానే. బుడ్డోడు విదిలించుకోడు. నీళ్ళు కారుతూ, చెవులు ముందుకు చాపి, కళ్ళు సగం మూసుకుని నిలబడతాడు. సుక్కి వచ్చి చెవులు నాకి ఆరబెట్టాలి, అప్పుడే కదులుతాడు. పుట్టిన నాటి అలవాటు, కొమ్ములు వచ్చినా పోలేదు.

సంక్రాంతి పోయాక బాలనర్సయ్య చెరుకు బండ్లు ఫ్యాక్టరీలో తూకమయ్యాయి. ఆయన బోధన్ నుంచి కొత్త రుమాలు తలకు చుట్టుకుని వచ్చాడు. వచ్చే ఆదివారం పోచమ్మ పండుగ అని చాటించాడు. భీమవ్వ ఇక బుడ్డోడిని ఒక్క ఘడియ కూడా వదలలేదు. కూలికి పోతే వెంట తీసుకుపోయేది, పడుకుంటే తాడు చేతికి చుట్టుకునేది. కానీ మనిషన్నాక ఒళ్ళు కడుక్కోవాలి, బట్టలు ఉతుక్కోవాలి. నీళ్ళలో దూకి ఉతకనివ్వడని బుడ్డోడిని గుంజకు కట్టి, సుక్కితో కలిసి కాలువకు పోయి వచ్చేలోగా వాడు లేడు. గుంజకు తాడు ముక్క వేలాడుతోంది.

"ఏడున్నడు?" అని అరిచింది భీమవ్వ.

"ఉండాల్సిన కాడ ఉన్నడు. ఐతారం నాటికి వస్తడు" అన్నాడు బాలనర్సయ్య. ఈసారి కూడా నవ్వాడు.

ఆమె ఊరంతా వెతికింది, అడగని వాకిలి లేదు. సుక్కి అయితే గుంజను వాసన చూసి, వాకిలి దాటి, బాట మీద బండిజాడ దగ్గర ఆగి, అక్కడక్కడే గుండ్రంగా తిరిగింది. మర్నాడు మధ్యాహ్నం నూరుల్లా బండి ఊళ్ళోకి వచ్చింది. నూరుల్లా బోధన్ వాడు, నిజామాబాద్ బజారుకు సరుకు తోలుతాడు. బండి ఆగీ ఆగకముందే సుక్కి ముందుకాళ్ళు చక్రం మీద వేసి, బండి పలకలన్నీ వాసన చూసింది, పచ్చగడ్డి పరచి ఉన్న మూలలో ముక్కు పెట్టి ఊపిరి లాగింది. తర్వాత ఎవరి మొహమూ చూడకుండా, బండి వచ్చిన జాడ పట్టుకుని నిజామాబాద్ బాటన ఉరికింది.

నూరుల్లాకు అప్పుడు అర్థమయింది. ఆయన మొహం ఎర్రబడింది. "భీమవ్వక్కా, అల్లా మీద ఒట్టు, నాకు తెల్వదు. పండుగకు తెచ్చిన మేక అని చెప్పి మీ బావ బండ్ల ఎక్కిచ్చిండు. రామ్‌దాస్ ఇంట్ల దించిన. నన్ను గూడ దొంగను చేసిండు గదా!" అని బాలనర్సయ్య వాకిట్లో నిలబడి నాలుగు మాటలు కడిగి మరీ పోయాడు. రామ్‌దాస్ అంటే నిజామాబాద్‌లో బీడీ ఆకు అమ్మే చుట్టం. అంత దూరం. భీమవ్వ పోదామంటే ఎట్లా పోవాలో తెలియదు, పోయినా ఆ పట్నంలో ఆ ఇల్లు ఎక్కడని వెతకాలి?

మరుసటి రోజు దీపాలు పెట్టే వేళకు సుక్కి వచ్చింది. మూతి నిండా దుమ్ము, కాళ్ళు ఈడుస్తోంది. దాని వెనకే మెడలో తెగిన తాడుతో బుడ్డోడు. ఏమీ జరగనట్టు గడప దగ్గర ముందుకాళ్ళు చాపుకుని పడుకున్నాడు.

తర్వాత నూరుల్లా పట్నంలో విని వచ్చి చెప్పాడు. సుక్కి పట్నంలో కసాయి దుకాణాలు దాటింది, హోటళ్ళ ముందు పడేసిన ఎముకల వైపు తిరిగైనా చూడలేదు, గల్లీ గల్లీ ముక్కుతో చదువుకుంటూ పోయి రామ్‌దాస్ తలుపు ముందు నిలబడి మొరగడం మొదలుపెట్టింది. లోపల్నుంచి బుడ్డోడు బదులు పలికి తలుపును కుమ్మాడు. కుక్కను కొడదామని రామ్‌దాస్ పెళ్ళాం కట్టెతో తలుపు తీసింది. అంతే, మేక ఆమె కాళ్ళ మధ్యలోంచి ఉరికి, బీడీ ఆకు గంపలన్నీ బోర్లించి బయటపడ్డది. చెబుతూ నూరుల్లా కడుపు పట్టుకుని నవ్వాడు. ఊరు ఊరంతా నవ్వింది. భీమవ్వ నవ్వలేదు. ఒక కుక్కకు తెలిసింది ఈ ఇంట్లో మనుషులకు తెలియలేదే, ఏ బిడ్డ ఎవరిదో! ఆమెకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది.

అంజవ్వ నచ్చజెప్పబోయింది. "అమ్మవారి మొక్కు బిడ్డా. తప్పితే ఇంటికి మంచిది గాదు. ఆడిదానివి, తగ్గు జర."

"అత్తా, పోచమ్మతోని నాకు లడాయి లేదు. లడాయి నీ కొడుకుతోని. నన్ను ఒక్క మాట అడగలే. అడిగితే ఇస్తునో ఏమో. మేక భీమవ్వదని ఒక్క మాట అనుమను."

"వాడు మొగోడు. గట్ల అంటడానే?"

"అనకపోతే నేనియ్య."

ఇయ్య అంటే సరిపోతుందా? ఆదివారం పొద్దున బాలనర్సయ్య తన ఇద్దరు జీతగాళ్ళతో వచ్చి బుడ్డోడిని ఎత్తుకుపోయాడు. సుక్కి మీద దుప్పటి వేసి పట్టి, ఎద్దు గొలుసుతో కొట్టంలో గుంజకు కట్టేశారు. భీమవ్వ అడ్డం పడితే జబర్దస్తీగా పక్కకు తోశారు. డప్పులు మొదలయ్యాయి. ముప్కాల్ నుంచి చుట్టాలు దిగారు, చెట్ల కింద పొయ్యిలు పెట్టారు, మసాలా నూరే చప్పుడు వాడంతా వినపడుతోంది. ఒక్క ప్రాణం కోసం ఎంతమంది ఆకలి పెట్టుకుని కూర్చున్నారో! భీమవ్వ ఇంట్లో కూర్చోలేదు. కొంగు బిగించి డప్పుల వెనకే గుడికి పోయింది.

పోచమ్మకు పూజ చేసేది కుమ్మరి పోశయ్య. పెద్దవాడు, మాట తక్కువ. బుడ్డోడికి పసుపు పూశారు, వేపమండల దండ వేశారు. దండలోంచి వాడు తనకు అందినంత వేపాకు మేశాడు. పద్ధతి అందరికీ తెలిసిందే. మేక మీద పసుపు నీళ్ళు పోస్తారు. మేక ఒళ్ళు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా కత్తి ఎత్తరు, ఎంత పెద్ద దొర మొక్కినా సరే.

బాలనర్సయ్య చెంబెడు నీళ్ళు వీపు మీద పోశాడు. డప్పులు జోరందుకున్నాయి. బుడ్డోడు కదల్లేదు. ఇంకో చెంబు పోశాడు. "తీస్కో తల్లీ, తీస్కో" అని ఆడవాళ్ళు చేతులు జోడించారు. చెవుల మీద పోశాడు, తోక మీద పోశాడు. బుడ్డోడు చెవులు ముందుకు చాపి, కళ్ళు సగం మూసుకుని హాయిగా నిలబడ్డాడు. మధ్యమధ్య తల తిప్పి వెనక్కి చూస్తున్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. భీమవ్వకు ఒక్కదానికే అర్థమయింది. వీడు కాలువ గట్టున ఉన్నాననుకుంటున్నాడు! తల్లి వచ్చి చెవులు నాకాలని చూస్తున్నాడు! ఆమెకు అంత కోపంలోనూ కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. మరుక్షణమే కొంగు నోట్లో కుక్కుకుంది.

కడవ ఖాళీ అయింది. ఇంకో కడవ తెచ్చారు. "ఏదో తప్పు జరిగింది" అని ముసలివాళ్ళు గొణిగారు. బాలనర్సయ్య మొహం మాడిపోయింది. చెంబు వదిలేసి కడవే ఎత్తాడు. సరిగ్గా అప్పుడు జనం కాళ్ళ సందులోంచి గలగలమని గొలుసు చప్పుడు వినపడింది. గుంజను కూడా పెరుక్కుని ఈడ్చుకుంటూ సుక్కి వచ్చింది. ఎవరినీ కరవలేదు, ఎవరినీ చూడలేదు. తిన్నగా బుడ్డోడి దగ్గరికి పోయి చెవులు నాకడం మొదలుపెట్టింది. బాలనర్సయ్య కడవ ఎత్తిన ఊపులో నీళ్ళన్నీ దాని మీద గుమ్మరించాడు.

సుక్కి ఒళ్ళు విదిలించింది. ముక్కు నుంచి తోక దాకా, తోక నుంచి ముక్కు దాకా, తనివితీరా విదిలించింది. పోశయ్య మొహం, బాలనర్సయ్య కొత్త రుమాలు, ముప్కాల్ చుట్టాల తెల్ల ధోవతులు అన్నీ పసుపే. పిల్లలు కేకలు పెట్టి నవ్వారు. "అమ్మ కుక్కను అడుగుతున్నదిరో!" అన్నాడు వెనకనుంచి ఎవడో. ఇక జనాన్ని ఆపడం ఎవరి తరం? డప్పు కొట్టేవాళ్ళు కూడా డప్పులు ఒళ్ళో పెట్టుకుని నవ్వారు.

బాలనర్సయ్యకు నవ్వడమే తెలుసు, నవ్వించుకోవడం తెలియదు. కాలెత్తి సుక్కి డొక్కలో తన్నాడు. సుక్కి కుయ్యోమని ఎగిరి పడ్డది. బుడ్డోడు కొమ్ములు వంచాడు. అంతకంటే ముందు భీమవ్వ వచ్చి మధ్యలో నిలబడ్డది.

"మల్ల తన్ను," అంది. "ఇంకోసారి తన్ను, సూస్త. దాని పిల్లలను సంచిల కట్టి కాలువల ఏసినవు, నోరు మూస్కున్న. దాని పాలు తాగిన పిల్లను దొంగతనంగ పట్నం తోలినవు, నోరు మూస్కున్న. ఇగ మూస్కోను. దీనికి తెలుసు ఎవలది ఎవలదో. నీకే తెల్వదు!"

నవ్వులు ఆగిపోయాయి. పోశయ్య పై కండువాతో మొహం తుడుచుకుని, కత్తి నేల మీద పెట్టాడు.

"బాలనర్సన్నా, మొక్కు ఎవలది?"

"నాదే. ఊరంత ఇన్నది గద."

"మేక?"

"ఇంటిది."

"ఇంటిదంటే ఎవలది? చెంబు పట్టుకునేతందుకు ఇంటికి చేతులున్నయా? మేక ఎవలదైతే ఆళ్ళు నీళ్ళు పొయ్యాలె. ఆళ్ళు 'తీస్కో తల్లీ' అనాలె. గప్పుడే నేను కత్తి ముడుత. లేకుంటే ముట్ట."

బాలనర్సయ్య చుట్టూ చూశాడు. ఎవరైనా తన పక్షాన మాట్లాడతారేమోనని చూశాడు. జనానికి ఎండ నెత్తికెక్కింది, ఆకలి కడుపులోకి దిగింది. "చెప్పేస్తే అయిపాయె గద" అన్నారు ఒకరు. "మసాల మాడుతున్నది" అన్నారు ఇంకొకరు. అప్పుడు భీమవ్వతో మేకే గదా అన్నవాళ్ళే ఇప్పుడు ఆయనతో కూడా మేకే గదా అన్నారు.

"సరే తీయ్!" అని అరిచాడు బాలనర్సయ్య. "భీమవ్వదే! మేక భీమవ్వదే! పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, ఆమెదే! సాలునా? ఇగ జల్ది కానియ్యి." అని చెంబు నీళ్ళతో నింపి ఆమె చేతిలో కుక్కాడు.

అంజవ్వ పక్కకు వచ్చి ఆమె వీపు నిమిరింది. "వాడు అందరి ముంగట అన్నడు బిడ్డా. నువ్వు అడిగింది గిదే గదా. ఇగ పొయ్యి. తీస్కో తల్లీ అను."

అవును, భీమవ్వ అడిగింది అదే. ఈ ఒక్క మాట కోసమే ఇన్ని రోజులు నిద్ర లేకుండా రగిలిపోయింది. ఈ మాట వింటే కోపం చల్లారుతుందనీ, బహుశా తానే దగ్గరుండి ఇచ్చేస్తాననీ కూడా అనుకుంది. ఇప్పుడు ఆ మాట వచ్చింది. ఎట్లా వచ్చింది? పంటి కింద రాయిని ఉమ్మేసినట్టు వచ్చింది. నీదే అని చెంబు చేతిలో పెట్టడం, ఆ చేత్తోనే ఇచ్చెయ్యమనడం! ఊరంతా నోరు తెరుచుకుని చూస్తోంది. మంచి కోడలు ఇక్కడ తల వంచుకోవాలి, ఇంటి పరువు నిలపాలి, నలుగురూ ఆమెను మెచ్చుకుంటూ భోజనాలకు లేవాలి.

భీమవ్వ చెంబు వైపు చూసింది. "పోశన్నా, మేక నాదే గదా?"

"నీదే అవ్వా. గిప్పుడు అందరు ఇన్నరు."

"నాదైతే నేనియ్య."

చెంబును పోచమ్మ ముందు నేల మీద పెట్టి, మోకాళ్ళ మీద వంగి దండం పెట్టింది. "తల్లీ, మొక్కింది నేను గాదు. మొక్కినోన్ని అడుగు" అంది. లేచి బుడ్డోడి మెడలో దండ తీసి, తాడు చేతికి చుట్టుకుంది. సుక్కి కుంటుతూ లేచి నిలబడ్డది.

బాలనర్సయ్య ఖాళీ కడవను కాలితో తన్నాడు. "ఓసీ, ఊరు ముంగట నా ఇజ్జత్ తీస్తవా? ఇంట్ల అడుగు పెట్టు, సూస్త. నా ఇంట్ల ఎట్ల అడుగు పెడ్తవో సూస్త!"

భీమవ్వ ఆగింది. వెనక్కి తిరిగింది. ఆమె గొంతు ఇప్పుడు పైకి లేవలేదు.

"ఇల్లు నీదా బావా? నీ తమ్మునిది ఏం లేదా? అందరు గీడనే ఉన్నరు. పోశన్న గూడ ఉన్నడు. ఇల్లు ఎవలదో అది గూడ గిప్పుడే అడుగుదమా?"

పొయ్యి మీద మసాలా మాడి వాసన వస్తున్నా ఎవరూ కదల్లేదు. ముప్కాల్ చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాలనర్సయ్య పోశయ్య వైపు చూసి తల దించుకున్నాడు. పసుపు నీళ్ళు ఆయన రుమాలు అంచు నుంచి బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

"అడుగమంటే చెప్పు, ఇంట్లనే ఉంట" అంది భీమవ్వ. మేకను పట్టుకుని, కుక్కను వెంటేసుకుని, జనం దారి ఇస్తుంటే నడిచి ఇంటికే పోయింది.